సర్వర్‌లో ఎవరు ఏ కమాండ్ నడిపారు? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పదిమందీ కలిసి వాడుకునే లినక్స్ సర్వర్ల బాగోగులు చూడటం నా పని. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు ఉంటూ కొత్తగా ఈ పనిలో చేరిన తెలుగు పిల్లలకు ఎవరో ఒకరు నా నంబరు ఇస్తుంటారు. ఫోను ఎక్కువగా సోమవారం పొద్దున్నే మోగుతుంది. మొదటి మాట కూడా ఇంచుమించు ఒకటే: "అన్నా, సర్వర్‌లో ఎవరో ఏదో తుడిచేశారు. ఎవరో ఎలా తెలుసుకోవడం?"

అలా వచ్చిన ప్రశ్నలనే ఇక్కడ పోగేశాను. కమాండ్ల పేర్లను ఫోనులో చెప్పినట్టే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను.

## నేను నడిపిన కమాండ్లు మళ్లీ ఎలా చూడాలి?

హిస్టరీ అని కొట్టండి. పాత కమాండ్లు వరుస సంఖ్యలతో వస్తాయి. చివరి ఇరవై చాలనుకుంటే హిస్టరీ తర్వాత ఖాళీ వదిలి 20 వేయండి. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి గుర్తున్న ముక్క కొడితే, ఆ ముక్క ఉన్న పాత కమాండ్ వెనక నుంచి వెతుక్కుని వస్తుంది. వరుసగా రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే కిందటి కమాండ్ మళ్లీ నడుస్తుంది. సూడో (రూట్ అనే సర్వాధికారి ఖాతా హక్కుతో పని నడిపే కమాండ్) పెట్టడం మరిచిపోయి తిట్టు తిన్నప్పుడు సూడో, ఖాళీ, రెండు ఆశ్చర్యార్థకాలు కొట్టడం అందరికీ అలవాటే.

ఈ సదుపాయాన్ని జనానికి అలవాటు చేసింది 1970ల చివర్లో బర్క్లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ రాసిన సీ షెల్. షెల్ అంటే మనం కొట్టిన కమాండ్‌ను అందుకుని నడిపే ప్రోగ్రామ్. ఇప్పుడు మనలో ఎక్కువమంది వాడే బ్యాష్‌ను బ్రయాన్ ఫాక్స్ రాయగా అది 1989లో బయటికి వచ్చింది. రెండింటిలోనూ హిస్టరీ పెట్టింది వేళ్లకు శ్రమ తగ్గించడానికే, మనిషి మీద నిఘా పెట్టడానికి కాదు. కింద చెప్పబోయే చిక్కుల్లో సగం ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్ల వచ్చినవే.

## ఆ చరిత్ర ఏ ఫైల్‌లో ఉంటుంది?

బ్యాష్ అయితే మీ హోమ్ డైరెక్టరీలో, చుక్కతో మొదలయ్యే బ్యాష్ అండర్‌స్కోర్ హిస్టరీ అనే ఫైల్‌లో. చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఫైళ్ల జాబితా చూపే మామూలు ఎల్‌ఎస్‌కు కనిపించదు, ఎల్‌ఎస్ మైనస్ ఏ కొట్టాలి. జెడ్‌షెల్ వాడేవారికి సాధారణంగా అదే చోట, చుక్కతోనే, జెడ్‌ఎస్‌హెచ్ అండర్‌స్కోర్ హిస్టరీ ఉంటుంది. ఎవరు ఏ షెల్ వాడుతున్నారో ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యుడీ ఫైల్‌లో వారి వరుస చివరన రాసి ఉంటుంది. బ్యాష్ ఫైల్ ఖాళీగా ఉందని అనుమానపడేముందు అది ఒకసారి చూడండి. మనిషి జెడ్‌షెల్‌కు మారి ఏడాది అయి ఉండవచ్చు.

షెల్ ఒక్కటే కాదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, పైథాన్ దేనికది తన చరిత్రను అదే హోమ్ డైరెక్టరీలో చుక్క ఫైళ్లలో దాచుకుంటుంది. డేటాబేస్‌లో టేబుల్ మాయమైతే బ్యాష్ చరిత్రలో వెతికి లాభం లేదు.

## మిగతా యూజర్ల హిస్టరీ చూడవచ్చా?

సాంకేతికంగా అడిగితే, రూట్ హక్కులు ఉంటే చూడవచ్చు. ఆ ఫైల్‌ను యజమాని మాత్రమే చదవగలిగేలా అనుమతులు ఉంటాయి, రూట్‌కు ఆ అడ్డు లేదు. సూడోతో క్యాట్ (ఫైల్‌ను తెర మీద చూపే కమాండ్) చేస్తే తెరుచుకుంటుంది.

సూడో హిస్టరీ అని కొడితే మాత్రం అలాంటి కమాండే లేదని వస్తుంది. హిస్టరీ విడి ప్రోగ్రామ్ కాదు, షెల్ పొట్టలోనే ఉన్న పని. రూట్‌గా మారి హిస్టరీ కొట్టినా రూట్ చరిత్రే వస్తుంది, పక్కవారిది రాదు. ఈ ఒక్క ప్రశ్నకు నేను ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు.

చూడవచ్చా అంటే హక్కు ఉందా అని కూడా అర్థం. మా దగ్గర నియమం ఒకటుంది: ఎవరి హిస్టరీ తెరిచినా ముందు వారికి చెప్పాలి, లేదా టికెట్ నంబరు మీద రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. హిస్టరీలో పని మాత్రమే ఉండదు. ఎవరో రెజ్యూమే ఫైల్‌ను వేరే చోటికి పంపుకొని ఉంటారు, ఎవరో తల్లి స్కానింగ్ రిపోర్టు దింపుకొని ఉంటారు. ఫైల్ పేర్లు చాలు, మనకు అక్కరలేని సంగతులు తెలిసిపోవడానికి.

## నిన్న కొట్టిన కమాండ్లు ఫైల్‌లో కనబడటం లేదు. ఎందుకు?

బ్యాష్ మీ కమాండ్లను పని జరుగుతున్నంతసేపూ తన జ్ఞాపకంలోనే ఉంచుకుంటుంది. ఫైల్‌లోకి దింపేది షెల్ మూసేటప్పుడు. మీ టెర్మినల్ ఇంకా తెరిచే ఉంటే అవి ఫైల్‌కు చేరనే లేదు. సర్వర్‌కు కరెంటు పోయినా, ఆ షెల్‌ను కిల్ మైనస్ 9తో చంపినా చేరే అవకాశమే పోతుంది.

రెండో కారణం, రెండు మూడు టెర్మినళ్లు తెరిచి పనిచేయడం. హిస్ట్‌అపెండ్ అనే అమరిక లేకపోతే చివర మూసిన టెర్మినల్ మిగతావాటి రాతల మీద తన రాత రాసేయవచ్చు. ఉబుంటు అనే లినక్స్ రకంలో కొత్త యూజర్లకు అది ముందే ఆన్ చేసి ఇస్తారు.

మూడోది పరిమితి. బ్యాష్ సొంతంగా దాచుకునేది 500 కమాండ్లు. ఉబుంటు తన అమరికలో జ్ఞాపకంలో 1000, ఫైల్‌లో 2000 వరుసలకు పెంచింది. రోజంతా టెర్మినల్‌లో ఉండేవారికి 2000 ఎంతో కాలం నిలవవు.

నాలుగోది చాలామందికి తెలియదు. ఉబుంటు, డెబియన్లలో కమాండ్‌కు ముందు ఒక ఖాళీ వదిలి కొడితే అది హిస్టరీలోకే ఎక్కదు. హిస్ట్‌కంట్రోల్ (పెద్ద అక్షరాల్లో) అమరిక అలా ఉంటుంది. దీన్ని దొంగబుద్ధి అనుకోకండి, పాస్‌వర్డ్ ఉన్న కమాండ్ హిస్టరీలో పడకుండా చూడటానికే అది ఎక్కువగా పనికొస్తుంది.

ప్రతి కమాండ్ వెంటనే ఫైల్‌కు చేరాలంటే ప్రాంప్ట్ అండర్‌స్కోర్ కమాండ్ అనే వేరియబుల్‌లో హిస్టరీ మైనస్ ఏ పెట్టండి. వేరియబుల్ పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉండాలి.

## ఏ కమాండ్ ఏ సమయంలో నడిచిందో తెలుస్తుందా?

ముందుగా అమర్చుకుని ఉంటే తెలుస్తుంది. హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ అనే వేరియబుల్, ఇది కూడా పెద్ద అక్షరాల్లోనే, పెట్టి ఉంటే బ్యాష్ ప్రతి కమాండ్‌కు పైన హ్యాష్ గుర్తుతో ఒక పెద్ద సంఖ్య రాస్తుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. ఉదాహరణకు 1700000000 అని ఉంటే మన సమయంలో 2023 నవంబరు 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాల 20 సెకన్లు.

ఇక్కడొక ఉచ్చు ఉంది. వేరియబుల్‌ను ఇవాళ పెట్టి హిస్టరీ కొడితే పాత కమాండ్లకు కూడా సమయాలు కనబడతాయి. అవి నిజం కావు. సమయం రాసిలేని వరుసలకు, ఆ ఫైల్‌ను షెల్ చదువుకున్న క్షణాన్నే బ్యాష్ తగిలిస్తుంది. నాలుగు వందల కమాండ్లు ఒకే సెకనులో నడిచినట్టు కనబడితే సంగతి అదే. ఆ జాబితాను ప్రింటు తీసి మేనేజరు బల్ల మీద పెట్టినవాడిని నేను చూశాను.

## ఒకరి హిస్టరీలో ఫైళ్లు తుడిచే కమాండ్ దొరికింది. తుడిచింది అతనే అనవచ్చా?

అనకూడదు. ఎందుకో చెప్పాలంటే నా అనుభవం ఒకటి చెప్పాలి.

నేను అప్పట్లో పనిచేసిన ఒక చోట అందరూ వాడుకునే డిస్కులో డేటా అనే ఫోల్డర్ ఉండేది. సోమవారం వచ్చి చూస్తే ఖాళీ. ఫోల్డర్ మీద సమయం చూస్తే శుక్రవారం రాత్రి 21:00. శుక్రవారం తొమ్మిదింటికి ఆఫీసులో ఉన్నది ఒక్కడే, కొత్తగా చేరిన మన కుర్రాడు. మడివాళలో పదిన్నర బస్సు ఎక్కాలని ఆలస్యంగా పనిచేసుకుంటూ కూర్చున్నాడు. అతని హిస్టరీ తెరిస్తే ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్, పక్కనే డేటా. ఇంకేం కావాలి? అందరూ తీర్పు చెప్పేశారు. అతను మాత్రం "నా హోమ్‌లో ఉన్న డేటా ఫోల్డర్ తీసేశాను సార్, అది కూడా పోయిన నెలలో" అంటూనే ఉన్నాడు.

అతని మాటను హిస్టరీ కాదనలేదు, అవుననలేదు. కమాండ్ ఏ డైరెక్టరీలో నిలబడి కొట్టారో హిస్టరీ రాయదు. సమయం అమరిక లేదు కాబట్టి పోయిన నెలో పోయిన శుక్రవారమో తెలియదు. ఆ కమాండ్ పనిచేసిందో, అనుమతి లేదని వెనక్కి వచ్చిందో కూడా తెలియదు.

ఇక లాస్ట్ అని కొట్టి లాగిన్ల చిట్టా తీశాను. అతను శుక్రవారం 15:35కు లాగవుట్ అయినట్టుంది. మధ్యాహ్నం మూడున్నరకు! ఎనిమిదింటికి అతను టైపు చేస్తుండగా నేనే చూశాను. అప్పుడు వెలిగింది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన సమయానికి అది ఐదున్నర గంటలు వెనక. 15:35 అంటే ఇక్కడ రాత్రి 9:05. అదే లెక్కన ఫోల్డర్ మీద ఉన్న శుక్రవారం 21:00 అంటే శనివారం తెల్లవారుజాము 2:30. ఆ వేళకు కుర్రాడు బస్సులో నిద్రపోతున్నాడు.

ఆ సర్వర్‌లో అదృష్టవశాత్తూ ప్రాసెస్ అకౌంటింగ్ (దాని సంగతి కింద చెబుతాను) ఆన్ చేసి ఉంది. ఆ క్షణానికి ఆర్‌ఎం నడిచిన దాఖలా ఒక్కటీ లేదు. ఫైళ్లను వెతికే ఫైండ్ ఒకటి నడిచింది, టెర్మినల్ పేరు ఉండాల్సిన చోట రెండు అండర్‌స్కోర్లు. అంటే కీబోర్డు ముందు మనిషి లేడు. వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితా, అదే క్రాన్ పట్టిక తెరిస్తే 30 రోజులు దాటిన ఫైళ్లను ఫైండ్‌తోనే తుడిచే పాత స్క్రిప్టు కనబడింది. గురువారం ఎవరో ఆ డేటాను, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో పాత తేదీలు చెడకుండా తెచ్చి పెట్టారు. స్క్రిప్టు కంటికి అవన్నీ ఎప్పటివో పాత ఫైళ్లు. అందరం ఆర్‌ఎం కోసం వెతుకుతుంటే తుడిచింది ఫైండ్.

కుర్రాడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆ సాయంత్రం నేను టీ తాగించాను, అంతే.

## ప్రాసెస్ అకౌంటింగ్ అంటే ఏమిటి?

నడిచి ముగిసిన ప్రతి ప్రాసెస్‌కు, అంటే నడిపిన ప్రతి ప్రోగ్రామ్‌కు, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ స్వయంగా రాసే పద్దు. యూనిక్స్ తొలి రోజుల్లో కంప్యూటర్ సమయానికి బిల్లు వేయడానికి వచ్చిన ఏర్పాటు, అందుకే ఆ పేరు. ఉబుంటు, డెబియన్లలో ఏసీసీటీ అనే ప్యాకేజీ, రెడ్ హ్యాట్ వంశంలో పీఎస్‌ఏసీసీటీ. ఆన్ చేశాక చూడటానికి లాస్ట్‌కామ్ కమాండ్, చివర రెండు ఎమ్‌లు. కమాండ్ పేరు, యూజర్, టెర్మినల్, ప్రాసెసర్ వాడిన సెకన్లు, మొదలైన సమయం వరుసగా వస్తాయి. మధ్యలో కనబడే అక్షరాల్లో ఎస్ అంటే రూట్ హక్కుతో నడిచింది, ఎక్స్ అంటే సిగ్నల్ తగిలి చచ్చింది.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ఊహించుకోండి. కాకపోతే ఈ వాచ్‌మన్ వచ్చినవారిని బయటికి వెళ్లేటప్పుడే రాసుకుంటాడు. లోపలే ఉన్నవారి పేరు రిజిస్టరులో ఉండదు, అంటే ఇంకా నడుస్తున్న ప్రాసెస్ లాస్ట్‌కామ్‌కు కనబడదు. సంచీలో ఏముందో కూడా రాయడు. కమాండ్ పేరే ఉంటుంది, దాని వెనక ఇచ్చిన ఫైల్ పేర్లు ఉండవు. ఆ పేరు కూడా మొదటి పదిహేను అక్షరాల వరకే.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. లాస్ట్‌కామ్‌కు యూజర్ పేరు, కమాండ్ పేరు రెండూ ఇస్తే రెండూ కలిసినవే చూపిస్తుందని అనుకుంటాం. ఏ ఒక్కటి కలిసినా చూపిస్తుంది. రెండూ కలవాలంటే స్ట్రిక్ట్ మ్యాచ్ అనే ఆప్షన్ విడిగా ఇవ్వాలి.

ఇంత తక్కువ చెప్పినా నాకు ఇదంటే ఇష్టం. తేలిక, డిస్కు తినదు, ఆన్ చేసి మరిచిపోవచ్చు.

## సూడోతో నడిపినవి విడిగా దొరుకుతాయా?

దొరుకుతాయి, వివాదానికి తావు లేనంత స్పష్టంగా. ఉబుంటులోనూ, ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌లు రాసి, పంపే ప్రోగ్రామ్) ఉన్న డెబియన్‌లోనూ వార్ కింద లాగ్‌లో ఆథ్ డాట్ లాగ్, రెడ్ హ్యాట్ వైపు అదే చోట సెక్యూర్ అనే ఫైల్. ఎవరు, ఏ టెర్మినల్ నుంచి, ఏ డైరెక్టరీలో నిలబడి, ఎవరి హక్కుతో, ఏ కమాండ్‌ను ఏ ఆర్గ్యుమెంట్లతో (కమాండ్ వెనక ఇచ్చే మాటలు) నడిపారో ఒకే వరుసలో ఉంటుంది. హిస్టరీ చెప్పలేని డైరెక్టరీ ఇక్కడ ఉంది, చూశారా.

అయితే సూడో ఎస్‌యూ అని కొట్టి రూట్ షెల్‌లోకి దిగిపోతే ఆ దిగడం వరకే రాస్తుంది. లోపల గంటసేపు ఏం చేశారో ఈ లాగ్‌కు తెలియదు. మా దగ్గర కొత్తవారికి మొదటి రోజే చెబుతాం: పని ఒక్కటైతే సూడోతో ఆ ఒక్కటీ నడపండి, రూట్ షెల్‌లో కాపురం పెట్టకండి. సూడోలోనే తెర మీద జరిగినదంతా రికార్డు చేసి, సూడోరీప్లేతో సినిమాలా తిరిగి చూసే సదుపాయం ఉంది. అవసరమైన చోట అది ఆన్ చేయవచ్చు.

## మేం అందరం రూట్‌గానే లాగిన్ అవుతాం. ఎవరు ఏం చేశారో ఎలా విడదీయాలి?

ముందు ఆ అలవాటు మానండి. అప్పుడే ఆడిట్ వ్యవస్థ మీకు పనికొస్తుంది.

లినక్స్ కెర్నల్‌లో ఆడిట్ అనే భాగం ఉంది, దాని చిట్టా రాసే సేవకుడు ఆడిట్‌డీ. మనిషి తన పేరుతో లాగిన్ అయిన క్షణంలో అతనికి ఏయూఐడీ అనే ముద్ర పడుతుంది. తర్వాత ఎస్‌యూ చేసినా, సూడో చేసినా, రూట్ అయి ఇంకో యూజర్‌గా మారినా ఆ ముద్ర చెరగదు. చిట్టాలో ఒక వరుసను దగ్గరగా చూద్దాం. యూఐడీ (యూజర్ సంఖ్య) 0 అని ఉంది, అంటే పని చేసింది రూట్. దానికి కొంచెం ముందు ఏయూఐడీ 1003 అని ఉంది. పాస్‌డబ్ల్యుడీ ఫైల్‌లో 1003 ఎవరో చూస్తే, పొద్దున తన పేరుతో లోపలికి వచ్చిన మనిషి దొరుకుతాడు. ఏయూఐడీ దగ్గర 4294967295 అనే కొండంత సంఖ్య కనబడితే భయపడకండి. లాగిన్ లేకుండా, యంత్రం లేచేటప్పుడే మొదలై వెనక నడిచే ప్రోగ్రామ్, అంటే సేవ, అది.

అందరూ ఒకే ఖాతాతో నేరుగా లాగిన్ అయితే ముద్ర కూడా అందరికీ ఒకటే పడుతుంది, విడదీయడానికి ఏమీ మిగలదు. ఒక్క చిన్న ఆశ ఉంది. పాస్‌వర్డ్‌తో కాకుండా దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎవరి తాళంచెవితో వారు వస్తుంటే, లాగిన్ లాగ్‌లో ఏ తాళంచెవి వాడారో దాని వేలిముద్ర రాసి ఉంటుంది. దాన్నిబట్టి మనిషిని పట్టుకోవచ్చు.

నడిచే ప్రతి కమాండ్ రాయాలంటే ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్ (కొత్త ప్రోగ్రామ్ నడపమని కెర్నల్‌ను అడిగే పిలుపు) మీద నియమం పెట్టాలి. ఏయూఐడీ 1000 లేదా అంతకు పైన ఉండాలనీ, ఆ కొండంత సంఖ్య కాకూడదనీ షరతు చేర్చితే మనుషులు చేసిన పనులే వస్తాయి, సేవల రొద తగ్గుతుంది. 64 బిట్‌కు ఒకటి, 32 బిట్‌కు ఒకటి, రెండు నియమాలు పెట్టండి. రెండోది మరిచిపోయేవారే ఎక్కువ.

చదవడానికి ఏయూసెర్చ్. మైనస్ యూఎల్ ఇచ్చి ముద్ర సంఖ్య ఇస్తే ఆ మనిషివే వస్తాయి. మైనస్ ఐ చేర్చడం మరవకండి. లేకపోతే సమయం సెకన్ల లెక్కలో, ఖాళీలున్న ఆర్గ్యుమెంట్లు హెక్సాడెసిమల్ అంకెల్లో వచ్చి కళ్లు తిరుగుతాయి.

## ఆడిట్‌కు కూడా అందనివి ఉంటాయా?

ఉంటాయి. షెల్ పొట్టలో జరిగే పనులకు కొత్త ప్రోగ్రామ్ లేవదు కాబట్టి ఎగ్జెక్‌వీఈ నియమానికి తెలియవు. సీడీ అలాంటిదే, ఎకో అలాంటిదే. అవి పోనిద్దాం. కుడివైపు చూసే బాణం గుర్తు ఒక్కటి కొట్టి పక్కన ఫైల్ పేరు రాస్తే ఆ ఫైల్ ఖాళీ అయిపోతుంది, ఏ ప్రోగ్రామూ నడవకుండానే. కాబట్టి ముఖ్యమైన ఫైళ్ల మీద, డైరెక్టరీల మీద మార్పులను రాసే నియమాలు విడిగా పెట్టాలి.

## అన్నీ రాస్తే డిస్కు నిండిపోదా?

సోర్సు కోడ్ కంపైల్ చేసే యంత్రమైతే ఆడిట్ నియమం పెట్టిన గంటలోనే తెలిసిపోతుంది. ఒక్క మేక్ కమాండ్ వెనక వేల ప్రాసెస్‌లు లేస్తాయి. ఆడిట్‌డీ మామూలు అమరికలో ఒక్కో ఫైల్ 8 ఎంబీ, అలాంటివి ఐదు. మొత్తం 40 ఎంబీ దాటగానే పాతది పోతుంది. రద్దీ సర్వర్‌లో అది ఒక పూటకు కూడా చాలదు. డిస్కు నిండిపోవడం కంటే, కావలసిన రోజు చిట్టా అప్పటికే చెరిగిపోయి ఉండటమే నేను ఎక్కువగా చూశాను. సంఖ్యలు పెంచండి, కంపైల్ పనులు నడిపే బిల్డ్ ఖాతాను నియమం నుంచి మినహాయించండి.

## రూట్ ఉన్నవారే లాగ్ చెరిపేస్తే?

కంచే చేను మేస్తే అడ్డేది పక్క చేను కంచె. లాగ్‌లను రాసినవి రాసినట్టే వేరే యంత్రానికి పంపాలి. ఆ యంత్రం మీద ఈ రూట్‌కు హక్కు ఉండకూడదు. ఆర్‌సిస్‌లాగ్‌తో ఇది గంట పని.

హిస్టరీ ఫైల్‌కు సీ హెచ్ ఏ టీ టీ ఆర్ అక్షరాల కమాండ్‌తో ప్లస్ ఏ పెట్టి, చివర చేర్చడం తప్ప చెరపడం కుదరకుండా చేయమని కొందరు సలహా ఇస్తారు. రూట్ ఉన్నవాడు ఆ గుర్తును ఒక్క కమాండ్‌తో తీసేస్తాడు. రూట్ లేనివాడు హిస్ట్‌ఫైల్ (పెద్ద అక్షరాల్లో) వేరియబుల్‌ను రద్దు చేసి అసలు రాయకుండానే పని కానిచ్చుకుంటాడు.

## కమాండ్‌లో పాస్‌వర్డ్ కొట్టేశాను. ఎలా తీయాలి?

హిస్టరీ కొట్టి ఆ వరుస సంఖ్య చూసి, హిస్టరీ మైనస్ డీ పక్కన ఆ సంఖ్య ఇవ్వండి. తర్వాత హిస్టరీ మైనస్ డబ్ల్యు. ఇది మీ ఫైల్‌ను మాత్రమే బాగుచేస్తుంది. ఆడిట్ ఆన్ ఉంటే ఆర్గ్యుమెంట్లతో సహా అక్కడ ఎక్కింది. ఆ కమాండ్ నడుస్తున్నంతసేపూ నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కొట్టిన పక్క యూజర్‌కు కూడా కనబడి ఉండవచ్చు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చేయండి.

## కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరం రికార్డు చేయవచ్చా?

పామ్ టీటీవై ఆడిట్ అనే మాడ్యూల్‌తో చేయవచ్చు. పాస్‌వర్డ్ అడిగినప్పుడు, తెర మీద కనబడకుండా కొట్టిన అక్షరాలను అది మామూలుగా రాయదు. రాయమంటే రాస్తుంది, రాయమనకండి. నేను మాత్రం ఒకే ఒక్కసారి, రెండు వారాల పాటు, యూజర్లందరికీ మెయిల్ పెట్టి వాడాను.

## విండోస్ సర్వర్ అయితే?

పవర్‌షెల్‌లో గెట్ హిస్టరీ ఆ సెషన్‌వి మాత్రమే చూపిస్తుంది. పాతవి యూజర్ ప్రొఫైల్‌లో కన్సోల్‌హోస్ట్ హిస్టరీ అనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. సెక్యూరిటీ లాగ్‌లో ప్రాసెస్ మొదలైన ఘటన సంఖ్య 4688. ఆడిట్ పాలసీలో ఆన్ చేస్తేనే వస్తుంది, పూర్తి కమాండ్ వరుస కావాలంటే ఇంకో అమరిక చేయాలి.

## సూపర్‌కంప్యూటర్ మీద పనిచేస్తున్నాం. అక్కడా ఇదేనా?

మన ఊళ్లో ఐఐఎస్‌సీలో 2022లో పెట్టిన పరమ్ ప్రవేగ లాంటి యంత్రాల మీద పని నేరుగా షెల్‌లో జరగదు, జాబ్‌గా వరుసలోకి వెళుతుంది. జాబ్‌లను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ షెడ్యూలర్ ఉన్న చోట ఎస్ ఏ సీ సీ టీ అక్షరాల కమాండ్ మీ జాబ్‌ల చరిత్ర చెబుతుంది. ఏ తేదీ ఇవ్వకపోతే ఇవాళ అర్ధరాత్రి నుంచి జరిగినవే చూపిస్తుంది. నిన్నటి జాబ్ మాయమైందని ఫోను చేసేముందు ప్రారంభ తేదీ ఇచ్చి చూడండి.

## లాగ్‌లు ఎంతకాలం ఉంచాలి? చట్టం ఏమంటుంది?

సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థలన్నింటి లాగ్‌లను ఆన్‌లోనే ఉంచి, 180 రోజుల పాటు భద్రపరచాలి. సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలి. గడియారాలు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో కలిసి నడవాలని కూడా అందులోనే ఉంది. పైన చెప్పిన 40 ఎంబీని ఈ 180 రోజుల పక్కన పెట్టి చూసుకోండి.

విషయం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. అందుకే కాపీ తీసిన రోజే హ్యాష్ లెక్కించి రాసిపెట్టుకోండి. మిగతాది వకీలు చెబుతారు.

## ఇవేవీ ఆన్ చేయలేదు. నష్టం జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

ఆడిట్‌డీ ఇప్పుడు పెడితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. నిన్నటిది అది చెప్పలేదు. అయినా వెతకడానికి కొన్ని చోట్లు మిగిలే ఉంటాయి.

అన్నిటికంటే ముందు, యంత్రాన్ని రీబూట్ చేయకండి. ఎవరెవరి టెర్మినళ్లు తెరిచి ఉన్నాయో డబ్ల్యు అనే ఒక్క అక్షరం కమాండ్‌తో చూడండి. ఆ షెల్‌ల జ్ఞాపకంలో ఉన్న చరిత్ర ఇంకా బతికే ఉంది. వారిని పిలిచి వారి చేతనే హిస్టరీ మైనస్ ఏ కొట్టించండి. తర్వాత డేట్ అని కొట్టి సర్వర్ ఏ కాలమానంలో ఉందో నోట్ చేసుకోండి. మీ నివేదికలో మొదటి వరుస అదే కావాలి. ఆ పైన లాస్ట్, ఆథ్ లాగ్, క్రాన్ రాసిన వరుసలు, ఫైళ్లు పోయిన ఫోల్డర్ మీద స్టాట్ (దాని సమయాలు చూపే కమాండ్). వీటిని వేరే డిస్కుకు కాపీ చేసుకున్నాకే చదవడం మొదలుపెట్టండి. పోయిన ఫైళ్లను తిరిగి లాగాలనే ఆశ ఉంటే ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకండి.

ఇంత చేసినా మనిషి తేలకపోవచ్చు. అప్పుడు నివేదికలో తేలలేదనే రాయండి. మేనేజరు ఊరుకోకపోతే, ఏయే చిట్టాలు ఉండి ఉంటే తేలేదో ఆ జాబితా జత చేయండి. ఆడిట్ కోసం డిస్కు కొనిపించుకోవడానికి అంతకంటే మంచి అదను మళ్లీ దొరకదు.